పేజీ పెట్టాం సరే, పలికేవాళ్లేరి?

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కలిపి చూస్తే సగానికి పైగా ఒకటే బాధ, పేజీ పెట్టాం రోజూ పోస్ట్ వేస్తున్నాం కానీ చూసినవాళ్లు చూసినట్టే వెళ్లిపోతున్నారు అని. అందుకే ఈ నెల కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. ఫోన్లో పేజీల పని మొదలుపెట్టకముందు నేను చిక్కడపల్లిలో ఒక డీటీపీ సెంటర్లో పదకొండేళ్లు పెళ్లికార్డులూ కరపత్రాలూ ఫ్లెక్సీలూ చేశా, కాబట్టి ఏ పోస్ట్ చూసినా నా కన్ను ముందు అక్షరం మీదికే పోతుంది, జవాబుల్లో అది మీకు కనబడుతూనే ఉంటుంది.

*అక్కా, మా అత్తగారూ నేనూ కలిసి పచ్చళ్లు, పొడులు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాం. పేజీ పెట్టి ఎనిమిది నెలలు, ఫాలోవర్లు 1,200 మంది. ఫొటోలు తెలిసిన అబ్బాయితో తీయించాం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద గాజు సీసా, చాలా నీట్‌గా వచ్చాయి. కింద ఇంగ్లీషులో 'ఆథెంటిక్ హోమ్‌మేడ్ డెలికసీస్' అని రాస్తున్నాం. లైకులొస్తున్నాయి, ఆర్డర్లు మాత్రం మా అపార్ట్‌మెంట్ వాళ్లవే. ఎక్కడ తప్పు జరుగుతోంది?*
— పాఠకురాలు, మల్కాజ్‌గిరి

మీరు పంపిన పోస్టులన్నీ చూశానమ్మా, ఆ పోస్టుల్లో మీ అత్తగారు ఎక్కడా లేరు. ఫొటోలో లేరని కాదు, మాటలో లేరు. 'డెలికసీస్' అనే మాట మీ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అన్నారా? కరివేపాకు కారం దంచేటప్పుడు ఆవిడ "చింతపండు చాల్లేదు, ఇంకో రెబ్బ వెయ్యి" అంటారు చూడండి, ఆ మాట తీసుకెళ్లి పోస్ట్ మొదట్లో పెట్టండి. చదివినవాళ్లకి వాళ్లమ్మ గొంతు గుర్తొస్తుంది, నోట్లో నీళ్లూరతాయి, ఆ తర్వాతే వాళ్ల కన్ను మీ సీసా మీదికి వస్తుంది. పచ్చడి కొనేవాళ్లు రుచి చూసి కొనలేరు కదా ఫోన్లో, మాటలోనే రుచి చూపించాలి, దానికి ఇంగ్లీషు మాట పనికిరాదు, కనీసం తెలుగువాళ్లకి అమ్మేటప్పుడు పనికిరాదు.

ఇంకో సంగతి. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ 2,200 అక్షరాల దాకా రాసుకోవచ్చు కానీ నొక్కకుండా కనిపించేది మొదటి రెండు లైన్లే, అక్కడ తెగిపోయి 'మోర్' అని వస్తుంది. మీరు ఆ రెండు లైన్లనీ 'హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు అవర్ పేజ్' అనడానికి ఖర్చుపెట్టేశారు. తెలుగులో అయితే ఇంకా జాగ్రత్త, మనకి కంటికి ఒక్క అక్షరంలా కనిపించేది యూనికోడ్ (ఫోన్లూ కంప్యూటర్లూ అక్షరాల్ని గుర్తుపెట్టుకునే పద్ధతి) లెక్కలో ఒక్కటి కాదు, 'అమ్మ' అంటే నాలుగు, 'స్త్రీ' అంటే ఆరు, పొల్లు గుర్తూ గుడీ అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ఉచిత ఖాతాకి 280 అక్షరాల హద్దున్న ఎక్స్‌లో రాసేవాళ్లకి ఇది రోజూ అనుభవమే. కాబట్టి పలకరింపులు వద్దు, నేరుగా సరుకులోకి దిగండి. "ఇవాళ నువ్వుల పొడి దంచాం, ఇల్లంతా వాసన" అంతే చాలు మొదటి లైనుకి.

ఫొటో విషయానికొస్తే తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద సీసా పెడితే ఏ కంపెనీదైనా అలాగే ఉంటుంది, మీది ఇంటి పచ్చడి అని ఎలా తెలుస్తుంది. స్టీలు కంచంలో పొగలొస్తున్న అన్నం, మధ్యలో ఆవకాయ, నూనె అంచుల్లోకి పాకుతుండగా ఎవరిదో చెయ్యి కలుపుతూ ఉండాలి, గాజులున్న చెయ్యయితే ఇంకా మంచిది. పొద్దున తొమ్మిదింటికి కిటికీ పక్కన పెట్టి తీయండి, ట్యూబ్‌లైటు కింద తీస్తే కారం ఎరుపు పాలిపోయి నీరసంగా వస్తుంది, మీ పోస్టుల్లో సగం అలాగే ఉన్నాయి. ధర దాచకండి, 'ప్రైస్ కోసం డీఎం చేయండి' అంటే మనవాళ్లు మొహమాటపడతారు, అడిగి కొనకపోతే బాగుండదని అసలు అడగనే అడగరు. పావుకిలో ఎంత, కొరియర్‌కి ఎంత, ఎన్ని రోజుల్లో చేరుతుంది, బొమ్మ మీదే రాసేయండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనే ఆహార భద్రతా సంస్థ వాళ్ల 14 అంకెల నంబరు మీకు ఉందన్నారు కదా, అది కూడా లేబుల్ ఫొటోలో కనబడనివ్వండి, ఊరుకాని ఊరి నుంచి డబ్బు పంపేవాళ్లకి అదొక ధైర్యం.

అన్నిటికంటే ముఖ్యం, మీ ఏడో ఫొటోలో వెనకాల అల్మరాలో పాత డబ్బా మీద స్కెచ్‌పెన్నుతో 'ఉసిరి' అని రాసి ఉంది, అది మీ అత్తగారి చేతిరాతేనా? అదే మీ పేజీకి ఫాంటు. ప్రతి పచ్చడి పేరూ ఆవిడతో తెల్లకాగితం మీద రాయించి ఫొటో తీసి పోస్టు మీద వేయండి. బాపు గారి చేతిరాత ఫాంటుగా మారి ఇప్పటికీ శుభలేఖల మీద కనబడుతూనే ఉంది, చూడగానే ఎవరిదో తెలిసిపోతుంది. మీ అత్తగారి 'ఉ' కూడా అలాంటిదే, తలకట్టు దగ్గర చిన్న వంపు ఉంది, ఎంత బాగుందో. అది వదిలేసి ఇంగ్లీషు ఫాంటు ఎందుకు కొనుక్కున్నారో నాకు అర్థం కాలేదు.

*అక్కా నమస్తే. మాది సిద్దిపేట దిక్కు, ఇప్పుడు బాలానగర్‌ల మోటర్ వైండింగ్ షాపు నడుపుతున్న. బోరు మోటర్లు ఎట్ల కాలిపోతయి, ఎట్ల కాపాడుకోవాలె అని చిన్న చిన్న వీడియోలు పెడుతున్న. నా మాట మా ఊరి తీరుగనే ఉంటది. దోస్తులేమో మంచి తెలుగుల మాట్లాడు, గిట్ల మాట్లాడితే చదువురానోడు అనుకుంటరు అంటున్రు. మార్చుకోవాల్నా?*
— పాఠకుడు, బాలానగర్

మార్చుకోకు తమ్ముడూ. మీ దోస్తులు 'మంచి తెలుగు' అంటున్నారు చూడు, ఆ మాట వింటేనే నాకు కష్టంగా ఉంటుంది, మా అమ్మది నల్గొండ, ఆమె జీవితాంతం ఆఫీసుల్లో నోరు తెరవకుండా కూర్చుంది ఈ మాట వల్లే. జనం మాట్లాడే భాషే రాతలోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, సరిగ్గా పదకొండు రోజుల తర్వాత సెప్టెంబర్ 9న కాళోజీ నారాయణరావు గారి పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. రెండు రోజులూ దండలు వేసి ఫొటోలు పెట్టే మనమే మోటర్ మెకానిక్‌ని మాట మార్చుకోమంటే ఎట్లా.

జనం వింటారా అనే అనుమానం అక్కర్లేదు. వీ6లో తీన్మార్ వార్తలు ఇంటింటా చూశారు కదా, జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో యూట్యూబ్‌లో ఎంత దూరం పోయిందో, గంగవ్వ మాటని గోదావరి జిల్లాల వాళ్లు కూడా ఎంత ఇష్టంగా విన్నారో అందరికీ తెలిసిందే. యాస నవ్వొస్తుందని చూడలేదు వాళ్లు. మాట్లాడే మనిషి తలకాయలో ఒక భాష నుంచి ఇంకో భాషలోకి మార్చుకుంటూ మాట్లాడట్లేదు, మాటా చెయ్యీ కన్నూ ఒకేసారి కదులుతున్నాయి, అది వీడియోలో కనబడిపోతుంది. నువ్వు పంపిన రెండు వీడియోల్లో మొదటిదాంట్లో 'విద్యుత్ సరఫరాలో అసమతుల్యత' అన్నావ్, అప్పుడు నీ చేతులు రెండూ కట్టేసినట్టు ఒళ్లోనే ఉన్నయి. రెండోదాంట్లో "ఒక ఫేజ్ పోయి రెండు ఫేజుల మీద ఉరికితే కరెంటు మస్తు గుంజుతది, వైండింగ్ మాడిపోతది" అంటూ నల్లబడ్డ తీగని వేలితో గీకి చూపించావ్, అది నేను మూడుసార్లు చూశా, నాకు మోటరు లేదు బోరూ లేదు.

ఒక్క జాగ్రత్త చెప్తా. ఈమధ్య కొన్ని పేజీలు యాస నడుస్తుందని తెలిసి గిట్ల, గట్ల, మస్తు అని నాలుగు మాటలు పైన చల్లేసి కింద క్రియలన్నీ పుస్తకం భాషలో పెడుతున్నాయి, మొదటి వాక్యంలోనే జనానికి తెలిసిపోతుంది. నీకు ఆ గొడవ లేదు కానీ వీడియో కింద అక్షరాలు వేసేటప్పుడు యాప్ దానంతట అదే 'ఉంటది'ని 'ఉంటుంది' అని మారుస్తోంది, నోరొకటి చెప్తుంటే రాత ఇంకోటి చెప్తోంది. కూర్చుని దిద్దుకో, ఒకసారి 'ఉంటది' అని రాస్తే ఎప్పుడూ అదే రాయి. కింద అక్షరాలు మాత్రం మానొద్దు, మెట్రోలో బస్సులో సౌండ్ తీసేసి చూసేవాళ్లు ఎంతమందో.

బొమ్మ తీరు గురించి నువ్వు అడగలేదు కానీ సిద్దిపేట జిల్లావాడివి కాబట్టి చెప్తున్నా, మీ చేర్యాల పటాలు చూసే ఉంటావ్. వెనకాల అంతా ఎరుపు, ఒక గడి కింద ఇంకో గడి, కథ పాడేవాళ్లు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ పోతుంటే తర్వాతి గడిలో ఏముందో అని జనం కూర్చునేవాళ్లు. ఇప్పుడు మనం వేలితో పైకి తోసుకుంటూ పోయేది కూడా అదే కదా. ఒకే పోస్టులో నాలుగైదు ఫొటోలు వేసేటప్పుడు మొదటి గడిలో మాడిన వైండింగ్ ఒక్కటే పెట్టు, కారణం చెప్పకు, "ఇది ఎట్ల కాలింది?" అంతే. రెండో గడిలో స్టార్టర్, మూడో దాంట్లో పోయిన ఫ్యూజు, చివర్లో ఒక ఫేజ్ పోగానే మోటరుని ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్. వెనక రంగు మాత్రం ఒకటే ఉంచు, పటానికి ఎరుపు ఉన్నట్టు నీకు రాగి తీగ రంగు ఉంది, షాపులో ఎక్కడ చూసినా అదే. నాలుగు నెలలు అదే రంగుతో నడిపితే పేరు చదవకముందే నీ పోస్టని గుర్తుపడతారు.

*మేడమ్, నేను కూకట్‌పల్లిలో డిజైన్ కోర్స్ చేస్తున్నా. ఒక పేజీకి తెలుగు పోస్టర్లు చేస్తున్నా కానీ ఫొటోషాప్‌లో వత్తులు విడిపోతున్నాయి, వేరే చోట నుంచి వచ్చిన తెలుగు మ్యాటర్ పేస్ట్ చేస్తే చెత్త అక్షరాలు వస్తున్నాయి. ఇంగ్లీషు పోస్టర్లు బాగా వస్తాయి, అదే టెంప్లేట్‌లో తెలుగు పెడితే అందం పోతోంది. ఎందుకు?*
— విద్యార్థిని, కూకట్‌పల్లి

మూడు వేరు వేరు జబ్బులు ఇవి. వత్తులు విడిపోవడం అంటే సెట్టింగ్ తప్పు, నీది పాత వెర్షన్ ఫొటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట టెక్స్ట్ ఇంజిన్‌ని వరల్డ్ రెడీ లేఅవుట్‌కి మార్చు, మార్చాక ఫైలు మూసి కొత్తది తెరువు. నేను చేరిన మొదటి ఏడాది గృహప్రవేశం ఫ్లెక్సీ చేసి 'ప్ర' విడిపోయి 'ప్‌ర' అని పడింది చూసుకోలేదు, ఆ ఇంటి పెద్దాయన గేటు దగ్గర ఫ్లెక్సీ కింద నిలబడి ఏమీ అనకుండా దాన్నే చూస్తూ ఉన్నారు, ఆ మొహం ఇప్పటికీ మర్చిపోలేను. అప్పటి నుంచి ప్రింటుకి పంపేముందు వత్తు వత్తు వేలు పెట్టి చూస్తా, నువ్వూ అలవాటు చేసుకో.

చెత్త అక్షరాలంటే అది అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్. డీటీపీ సెంటర్లన్నీ ఏళ్ల తరబడి దాని మీదే నడిచాయి, అందులో తెలుగు ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి, ఆ ఫాంటు లేని చోట పేస్ట్ చేస్తే లోపలున్న ఇంగ్లీషు గుర్తులు బయటపడతాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకుని ఒకసారి మొత్తం చదువుకో, ఎందుకంటే మార్చేటప్పుడు ఒకటీ అరా తప్పులు దొర్లుతాయి.

ఇక అందం పోవడం, ఇది అసలు సంగతి. ఇంగ్లీషు టెంప్లేట్ గీసినవాళ్లు వత్తులు చూసి గీయలేదు. మన అక్షరం పైకి గుడి కట్టుకుంటుంది, కిందకి వత్తు దించుతుంది, రెండు లైన్లు ఇంగ్లీషులో పెట్టినంత దగ్గరగా పెడితే పై లైను వత్తు కింద లైను గుడికి గుచ్చుకుంటుంది. లైన్ల మధ్య ఎడం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఇచ్చి చూడు, వెంటనే ఊపిరి పీల్చుకుంటుంది పోస్టరు. అక్షరాల మధ్య ఎడం పెంచే స్టైలు ఇంగ్లీషు క్యాపిటల్స్‌కి బాగుంటుంది, తెలుగులో మాట ముక్కలైపోతుంది. మనకి క్యాపిటల్స్ లేవు కాబట్టి గట్టిగా చెప్పాలంటే లావు, సైజు, రంగు ఈ మూడే దిక్కు, మూడూ ఒకే మాటకి వాడితే మాత్రం అరిచినట్టు ఉంటుంది. ఫాంట్లకి కొదవ లేదు, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా రామభద్ర ఉంది హెడ్డింగులకి, మండలి, సూరన్న ఉన్నాయి చదువుకునే మ్యాటర్‌కి, తిమ్మన, ధూర్జటి, పెద్దన, కవుల పేర్లు పెట్టి చేసిన ఫాంట్లు ఎన్నో. ఒక పేజీకి రెండు చాలు. 2025 జనవరి నుంచి ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లో గడులు చదరం నుంచి నిలువుకి మారాయి కదా, 1080 బై 1350లో చేసి అక్షరాలు అంచులకి దూరంగా పెట్టు. చేశాక స్క్రీన్ మీద బొటనవేలు గోరంత చేసి చూడు, అప్పుడు కూడా ఒక్క మాటైనా చదవగలిగితే పోస్ట్ చెయ్యి.

*అక్కా, దిల్‌సుఖ్‌నగర్‌లో మా అన్నకి కళ్లజోళ్ల షాపుంది. పేజీలో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తాడు, కుర్రాళ్లు అలాగే చదువుతారంటాడు. నేను తెలుగు లిపే రాయమంటా. ఎవరు కరెక్ట్?*
— పాఠకురాలు, సరూర్‌నగర్

చాటింగ్ వరకు మీ అన్న కరెక్టే, నేనూ అలాగే టైప్ చేస్తా. పోస్టులో మాత్రం మీరే కరెక్ట్. ఇంగ్లీషు అక్షరాల్లో కళ్లు, కల్లు రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి, కాళ్లు కూడా చాలామంది అలాగే కొడతారు, కళ్లజోళ్ల షాపుకి ఇంతకంటే ఏం చెప్పాలి. పైగా ఇంట్లో కళ్లజోడు ముందు కావాల్సింది నాన్నకి, అమ్మమ్మకి, వాళ్లు ఆ ఇంగ్లీషు తెలుగుని కూడబలుక్కుని చదవలేరు. పోస్ట్ తెలుగు లిపిలో పెట్టమనండి, కామెంట్‌కి జవాబు మాత్రం అడిగినవాళ్లు ఏ అక్షరాల్లో అడిగితే ఆ అక్షరాల్లోనే ఇవ్వమనండి.

*మేడమ్ గారూ, మాది నాగోల్‌లో ఒక కాలనీ అసోసియేషన్. తడి చెత్త పొడి చెత్త వేరు చేయమని ఎన్ని పోస్టులు పెట్టినా ఎవరూ వినట్లేదు. ట్రాఫిక్ పోలీసుల్లా సినిమా మీమ్స్ వేద్దామని కుర్రాళ్లు, హుందాగా ఉండదని పెద్దవాళ్లు. మీరేమంటారు?*
— కాలనీ కార్యదర్శి, నాగోల్

ట్రాఫిక్ పోలీసుల మీమ్ ఎందుకు పనిచేసిందో ముందు చూద్దామండి. 2024 మొదట్లో మాదాపూర్ దగ్గర రోడ్డు పక్కన భోజనం అమ్మే ఒకావిడ "మీది మొత్తం థౌజండ్ అయింది" అన్న మాట ఊరంతా తిరిగింది, అదే వారాల్లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు బండి నడుపుతూ ఫోన్ మాట్లాడుతున్న మనిషి ఫొటో మీద మీది మొత్తం 1000 అయింది, యూజర్ ఛార్జీలు ఎక్స్‌ట్రా అని పెట్టారు. మాట అందరికీ తెలుసు, ఫైను కూడా నిజంగా డబ్బు కట్టే సంగతే, మాట మార్చకుండానే అతికిపోయింది, వేడి మీద ఉండగానే పెట్టారు. ఈ మూడింట్లో ఏది తగ్గినా మీమ్ చప్పగా ఉంటుంది, ఆ మాటే ఇప్పుడు పెడితే ఎవరూ తల తిప్పరు. అందులో పోలీసు శాఖ హుందాతనం ఏం తగ్గలేదు, కాబట్టి పెద్దవాళ్లకి ఆ భయం అక్కర్లేదని చెప్పండి.

కానీ మీ కాలనీకి నా సలహా వేరే. మీ దగ్గర ఉన్నది మూడొందల ఇళ్లు, అందరూ ఒకరికొకరు మొహాలు తెలిసినవాళ్లు, ఊరంతటికీ పనికొచ్చే మీమ్ కంటే మీ రెండో వీధి మలుపులో పొద్దున్నే వచ్చే స్వచ్ఛ ఆటో ఫొటో వాళ్లని ఎక్కువ ఆపుతుంది. ఆ ఆటోలో చెత్త చేత్తో వేరు చేసే మనిషి దగ్గర నిలబడి, ఏది కలిస్తే ఆవిడకి ఎక్కువ ఇబ్బందో అడిగి, ఆవిడ ఒప్పుకుంటేనే ఆవిడ మాటల్లోనే రాయండి. గాజుపెంకు గుచ్చుకున్న వేలు గురించి చెప్తారు, వాడిన డయపర్ల గురించి చెప్తారు. మీ పాత పోస్టుల్లో 'నివాసితులందరూ వ్యర్థాలను విధిగా వేరుచేయవలసినదిగా కోరడమైనది' అని ఉంది, అది నోటీసు బోర్డు భాష, దాన్ని చదివినవాళ్లు పక్కింటివాళ్లకి అనుకుంటారు. "రేపటి నుంచి పెంకులు విడిగా కాగితంలో చుట్టి ఇద్దాం" అంటే తమకే అనుకుంటారు. తప్పు చేసిన ఇంటి ఫొటో మాత్రం ఎప్పుడూ పెట్టకండి, ఒక్కసారి పెట్టారంటే ఆ ఇల్లు మీకు శాశ్వతంగా దూరం.

*అమ్మా, నా వయసు 71. వారాసిగూడలో ఉంటాను. మా గుడి కమిటీ వాళ్లు ఫేస్‌బుక్‌లో పూజల వివరాలు పెడతారు, తెల్లటి పూల మీద లేత పసుపు అక్షరాలు, చుట్టూ మెరుపులు. నాకు కనపడవు. పెద్దది చేద్దామంటే వేలు తీయగానే మళ్లీ చిన్నదైపోతుంది కొన్నిట్లో. ఏదైనా మార్గం ఉందా?*
— పాఠకుడు, వారాసిగూడ

నమస్కారమండీ. తప్పు మీ కళ్లది కాదు. అక్షరం రంగుకీ వెనక రంగుకీ వెలుగులో కనీసం 4.5కి 1 తేడా ఉండాలని వెబ్ పేజీలకి ఒక ప్రమాణం ఉంది, పెద్ద అక్షరాలకైతే 3కి 1 ఉన్నా చాలంటారు, తెలుపు మీద లేత పసుపు అందులో దరిదాపుల్లోకి కూడా రాదు. కమిటీలో పోస్టులు చేసే అబ్బాయికి ఈ పేజీ చూపించండి, పసుపే కావాలంటే ముదురు కుంకుమ రంగు మీద వేయమనండి, గుడికి అదీ బాగుంటుంది. పూజ పేరు, తేదీ, టైము బొమ్మలోనే కాకుండా కింద మామూలు అక్షరాల్లో కూడా టైప్ చేయమనండి, అప్పుడు ఫోను పైకి చదివి వినిపించగలదు, అసలు చూపు లేనివాళ్లకి కూడా తెలుస్తుంది.

ఈలోపు మీ ఫోన్లో, ఆండ్రాయిడ్ అయితే, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది, అందులో మ్యాగ్నిఫికేషన్ ఆన్ చేసి ట్రిపుల్ ట్యాప్ ఎంచుకోండి. స్క్రీన్ మీద వేలితో మూడుసార్లు టకటకా కొడితే ఆ చోటు పెద్దదై అలాగే ఉండిపోతుంది, వేలు తీసినా తగ్గదు, రెండు వేళ్లతో పక్కకి జరుపుకుంటూ చదువుకోవచ్చు. మళ్లీ మూడుసార్లు కొడితే మామూలైపోతుంది. మనవళ్లెవరైనా ఇంట్లో ఉంటే ఒకసారి పెట్టించుకోండి, రెండు నిమిషాల పని.